బిగిసిందనుకున్న నట్టు

నారాయణఖేడ్ నుంచి బీదర్ వైపు వెళ్ళే రోడ్డు మీద, ఊరు అయిపోయే చోట నా షెడ్డు ఉంది. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు, వెనకాల ఒక గోడ. పక్కనే చాయ్ హోటల్. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఇంజన్లు విప్పుతున్నాను, మళ్ళీ బిగిస్తున్నాను. జీపులు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడు ఒక బోరుబండి. నా చేతుల్లో బాగుపడినవేవీ నాకు పెద్దగా గుర్తులేవు. బాగుపడిన బండి వెళ్ళిపోతుంది, అంతే. చెడగొట్టినవి మాత్రం ఎక్కడికీ పోవు.

ఇది పోయినేడు పత్తి సీజన్‌లో నేను చెడగొట్టిన ఒక జీపు సంగతి.

అప్పటికే నేను అలిసిపోయి ఉన్నాను. మూడేళ్ళుగా కుడి భుజం నొప్పి. చెయ్యి తలకంటే పైకి లేపితే లోపల ఎవరో పాత గుడ్డ చింపుతున్నట్టు ఉంటుంది. దవాఖానలో బరువులు ఎత్తొద్దన్నారు. ఇంజన్ పని చేసేవాడితో బరువు ఎత్తొద్దనడం, రైతుతో ఎండలో నిలబడొద్దని చెప్పడం లాంటిదే. నాతో కలిసి పనిచేసిన మిస్త్రి ఆ ఎండాకాలంలోనే జహీరాబాద్‌లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరి పనీ నా ఒక్కడిదే అయింది. పొద్దున లేచి మంచం మీద కాసేపు కూర్చుని, ఈ రోజు ఏ పని ఎగ్గొట్టొచ్చా అని ఆలోచించేవాణ్ణి. ఏదీ ఎగ్గొట్టలేనని తెలిసి లేచేవాణ్ణి.

ఆ జీపు మనూర్ వైపు ఊరిది. ముందు దాన్ని నడిపింది ఒక డ్రైవరు, నాకు పాత గిరాకీ. షుగరు ముదిరి ఆయన చూపు పోయింది. చూపు పూర్తిగా పోకముందే పక్క సీట్లో కూర్చుని భార్యకు డ్రైవింగ్ నేర్పించాడు. గేరు మారుస్తుంటే ఆ చప్పుడు విని తప్పొప్పులు చెప్పేవాడట. ఇప్పుడు ఆమే నడుపుతుంది. నలభై దాటి ఉండవు. పత్తి తీసే కాలంలో తెల్లవారకముందే ఊళ్ళలో కూలి ఆడవాళ్ళను ఎక్కించుకుని చేన్ల దగ్గర దించుతుంది, పొద్దుగూకే వేళకు మళ్ళీ ఇళ్ళకు చేరుస్తుంది. మొత్తం మట్టి బాటలు. ముందు ఒక ట్రాక్టరు పోతుంటే వెనక బండికి దారి కనబడదు.

వానాకాలంలో ఆ జీపు నా షెడ్డుకు వచ్చింది. పొగ ఎక్కువైంది, గుట్ట ఎక్కడం లేదు. ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా కట్టాలని చెప్పాను. ఆమె ఒప్పుకుంది. పత్తి మొదటి తీతకు బండి చేతికి రావాలన్నదొక్కటే ఆమె షరతు.

సిలిండర్ల లోపల కూర్చునే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, అన్నీ కొత్తవి వేశాను. ఆ పని మాత్రం శ్రద్ధగానే చేశాను. ప్రతి రింగుకూ కొసల మధ్య ఖాళీ కొలిచాను. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డును లేత్ షాపుకు పంపి చదును చేయించాను. చివరికి గాలి మానిఫోల్డ్ బిగించడం మిగిలింది.

మానిఫోల్డ్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఫిల్టర్‌లో వడబోసుకుని వచ్చిన గాలిని నాలుగు సిలిండర్లకూ పంచే ఒక పోత గొట్టం. హెడ్డుకు పక్కన ఆనుకుని ఉంటుంది. రెండింటికీ మధ్య పల్చటి ప్యాకింగ్ పెట్టి, హెడ్డులోంచి బయటికి వచ్చిన తల లేని బోల్టుల, అంటే స్టడ్డుల మీదికి దాన్ని ఎక్కించి, నట్లు వేసి బిగించాలి. అందులో కదిలే సామాను ఒక్కటీ లేదు. అందుకే మిస్త్రీలు ఆ పనిని పనిగా లెక్కపెట్టరు. పెట్రోలు బండిలో అక్కడ సందు ఉంటే ఇంజన్ వెంటనే గొడవ చేస్తుంది, ఊగుతుంది, ఆగిపోతుంది. డీజిల్ ఇంజన్ అట్లా చెప్పదు. ఏమీ కానట్టే నడుస్తుంది. ఫిల్టర్ దాటి, ఆ సందులోంచి దుమ్మును లోపలికి పీల్చుకుంటూ పోతుంది. దుమ్మంటే మెత్తటి ఇసుకే. కొత్త రింగుల్నీ లైనర్లనూ అది ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే తప్పు చేశాను.

విప్పేటప్పుడు మూడో సిలిండర్ దగ్గర ఒక స్టడ్డు విరిగింది. విరిగిన ముక్కను తొలిచి తీయడానికి సగం రోజు పట్టింది. దాని స్థానంలో పాత సామాను డబ్బాలో వెతికి ఒక స్టడ్డు వేశాను. అదే లావు, అదే పొడవు. అయితే నట్టు ఎక్కే వైపు మర కొంచెం పొట్టిగా ఉంది. నాలుగు చుట్లు తక్కువ. నేను చూడలేదు. ఆ వేళకు మోకాళ్ళ మీద ఉండి ఉండి నడుము పట్టేసింది. షెడ్డు ముందు రెండు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. ఆమె స్టూలు మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

నట్టు తిప్పాను. తిరిగింది, తిరిగింది, ఆగింది. పానా వేసి లాగాను. ఇక కదల్లేదు. బిగిసిందనుకున్నాను. నిజానికి ఆ నట్టు మానిఫోల్డ్‌ను పట్టుకోలేదు. మర అయిపోయిన చోట స్టడ్డుకే పట్టుకుని ఆగిపోయింది. దాని కింద వాషర్ వదులుగా ఉంది. వేలితో ఆ వాషర్‌ను కదిపి చూసుంటే అప్పుడే తెలిసేది. కదిపి చూడటానికి క్షణం కూడా పట్టదు. చూడలేదు.

బండి స్టార్టయింది. మంచి చప్పుడు. ఆమె సంతోషంగా తోలుకుపోయింది.

*

దసరా దాటిన వారానికి ఆమె వచ్చింది. నేను ఒక ట్రాక్టర్ కింద పడుకుని ఉన్నాను. ఆమె చెప్పులు మాత్రమే కనబడుతున్నాయి.

"అన్నా, బండి ఉస్సుమంటున్నది."

"ఏడ?"

"పక్కకెల్లి. రేస్ ఇస్తే ఎక్కువ వినబడుతది. మా ఆయన ఎక్కి కూసుండి విన్నడు. గాలి ఏడనో దొంగతనంగ పోతున్నది, మిస్త్రికి చెప్పు అన్నడు."

ఆయన ఇరవై ఏళ్ళు బండి నడిపిన మనిషి. చూపు పోయాక చెవులే ఆయనకు కళ్ళు. ఆ సంగతి నాకు గుర్తు రావాల్సింది. నేను ట్రాక్టర్ కిందినుంచి బయటికి కూడా రాలేదు.

"కొత్త ఇంజన్ గట్లనే ఉంటది చెల్లె. ఫ్యాను చప్పుడది. రెండు నెలలు నడవనియ్యి, సెట్ అయితది."

ఆమె "సరే" అని వెళ్ళిపోయింది.

ఇంకో పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి నేను బానెట్ లేపి విన్నాను. విన్నానని చెప్పడం తప్పు. పక్కన వేరే ఇంజన్ నడుస్తోంది, నేను దాన్ని ఆపలేదు. నాకు వినబడాలని లేదు. వినబడితే మళ్ళీ విప్పాలి. "ఏం లేదు" అన్నాను. ఆమె ఈసారి "సరే" అనలేదు. బానెట్ తానే దించుకుని వెళ్ళింది.

రెండో తీత నడుస్తున్నప్పుడు మూడోసారి వచ్చింది. బండి వెనక నల్లటి పొగ. ఆయిల్ తాగుతోందని, మూడు రోజులకొకసారి పోస్తున్నానని చెప్పింది. ఆయిల్ పోసే మూత విప్పితే అందులోంచి కూడా పొగ వచ్చింది.  నాలుగు నెలలు నిండని ఇంజన్ అది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ నోరు రాదు. ముందు నన్ను నేను కాపాడుకోవాలని చూశాను. గాలి ఫిల్టర్ గిన్నె ఊడదీశాను. దుమ్మును పట్టడానికి అడుగున పోసే ఆయిల్ నల్లగా, బురదలా ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని హోటల్ ముందుకు నడిచాను. బెంచీల మీద ఐదారుగురు చాయ్ తాగుతున్నారు.

"గిది చూడుండ్రి," అన్నాను. "ఫిల్టర్ కడగకుంట నడిపితే ఏ ఇంజన్ అయినా ఉంటదా? నేను కట్టిచ్చుడు, వీళ్ళు ఖరాబ్ చేసుడు."

"నేను వారానికోసారి కడుగుతున్న అన్నా," అంది ఆమె వెనకనుంచి. "రేపు కడిగే రోజు. గందుకే గట్లున్నది."

"వారానికి కాదు, పత్తి చేన్లల్ల దినాం చూడాలె. నడిపెటోళ్ళకు తెల్వదా?"

బెంచీ మీద ఒక పెద్దమనిషి నవ్వాడు. "ఆడామెకు ఇంజన్ సంగతి ఏం తెలుస్తదయ్యా. స్టీరింగ్ తిప్పుడొస్తే అయిపాయెనా?"

ఆయన కల్హేర్ దగ్గర పెద్ద పత్తి రైతు. ఆయన చేనుకు కూలీలను ఆ జీపులోనే తెచ్చేవాళ్ళు. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ నాకు సాయంగా ఉన్న మాట. ఊరుకున్నాను.

ఆమె నా మొహం చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది. జీపు తాళం తెచ్చి నా పనిబల్ల మీద పెట్టి, కొంగు నెత్తి మీద కప్పుకుని, మనూర్ పోయే ఆటోలో ఎక్కి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున ఇంజన్ విప్పడానికి కూర్చున్నాను. హెడ్డు తీయాలంటే ముందు మానిఫోల్డ్ తీయాలి. ఒక్కో నట్టూ వదులు చేస్తూ మూడో సిలిండర్ దగ్గరికి వచ్చాను. పానా పెట్టబోతూ చూస్తే నట్టు కింద వాషర్ కొంచెం వాలి ఉంది. గోరు ఆనించాను. గుండ్రంగా తిరిగింది. నట్టు రాయిలా బిగిసి ఉంది, వాషర్ మాత్రం చేతి గాజులా తిరుగుతోంది.

కాసేపు దాన్నే అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

మానిఫోల్డ్ ఊడదీస్తే మిగతాదంతా కనబడింది. సిలిండర్లకు గాలి పోయే నాలుగు దారుల్లో మూడింటి చుట్టూ ప్యాకింగ్ మీద శుభ్రమైన అచ్చు పడి ఉంది. మూడో దారి దగ్గర ఒక పక్క అచ్చు లేదు. అక్కడ గోధుమరంగు దుమ్ము విసనకర్రలా పరుచుకుని ఉంది, బయటినుంచి లోపలికి. దారిలో వేలు పెడితే ఆయిల్‌తో కలిసిన మెత్తటి మన్ను అంటింది. హెడ్డు తీశాను. మూడో లైనర్ పైఅంచున గోరు తట్టేంత మెట్టు పడింది. మిగతావాటిలో అంత లేదు. దుమ్ము ఫిల్టర్ గుండా వచ్చి ఉంటే నాలుగూ సమానంగా అరగాలి. ఒక్కటే అరిగిందంటే తప్పు ఆమెది కాదు.

స్టడ్డు పీకి చేతిలో పట్టుకున్నాను. పక్కన మంచి స్టడ్డు పెట్టి చూస్తే తేడా కళ్ళకు కనబడుతోంది. చూడాలనుకున్నవాడికి కనబడుతుంది.

అబద్ధం ఎందుకు, దాన్ని తుక్కు డబ్బాలో పారేస్తే చాలని కూడా అనిపించింది. కొత్త స్టడ్డు వేస్తాను, కొత్త రింగులు వేస్తాను, ఫిల్టర్ రోజూ కడుక్కోమని చెప్తాను. ఎవరికీ తెలియదు. ఆమెకు తెలియదు. నేను ఇట్లాంటి మనిషినని అంతకుముందు అనుకోలేదు. అలసట మనిషిని ఎంత చవక చేస్తుందో ఆ రోజు చూశాను. నిద్ర చాలక మోసం చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారో.

మధ్యాహ్నం నా భార్య టిఫిన్ పట్టుకుని వచ్చింది. నేను తినకుండా కూర్చోవడం చూసి ఏమైందని అడిగింది. స్టడ్డు చూపించి మొత్తం చెప్పాను. ఆమెకు ఇంజన్ల గురించి తెలియదు. కానీ హోటల్ ముందు నేనన్న మాట ముందురోజే ఆమె చెవిన పడింది.

"గిదంత ఎవరికి చెప్పినవు?" అంది.

"నీకే."

"నాకు చెప్తే ఏమైతది?" టిఫిన్ మూత తీసి నా ముందు పెట్టింది. "మా అమ్మ గూడ గట్ల బండ్లెక్కే చేన్లకు పోతుండె. బండి రాకపోతే ఆ రోజు కూలి లేదు. ముందు తిను. తిని ఫోన్ చెయ్యి."

తిన్నాను. ఫోన్ చేశాను. ఆమె భర్త ఎత్తాడు. ఆమె ఇంట్లో లేదని, ఎవరో చేనుకు పత్తి తీయడానికి పోయిందని చెప్పాడు. డ్రైవర్ పోయి కూలీ అయింది. 

"బండిల తప్పు దొరికింది," అన్నాను. "రేపు రమ్మను."

 "ఉస్సుమన్నది ఏంది మరి?" అన్నాడాయన.

"నువ్వు చెప్పిందే. గాలి దొంగతనంగ పోయింది."

"నేను విన్న," అన్నాడు. 

*

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆమె ఆటో దిగింది. చేతివేళ్ళ నిండా పత్తికాయల ములుకులు గీరిన గీతలు. నేను లేచి నిలబడి స్టడ్డు, వాషర్, ప్యాకింగ్ పనిబల్ల మీద వరుసగా పెట్టి చూపించాను. మెల్లగా, దాచకుండా చెప్పాను. ఆమె ప్యాకింగ్ మీద ఆ దుమ్ము గీతను వేలితో తడిమింది.

"నేను రెండుసార్లు ఒచ్చిన గదా అన్నా."

"ఒచ్చినవు."

"నువ్వు వినలే."

"వినలే చెల్లె. తప్పు నాదే. ఇంజన్ మల్ల నేనే కడత, నువ్వు దాని గురించి పరేషాన్ గాకు."

ఆమె తలూపింది. అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆమె హోటల్ వైపు చూసింది. బెంచీల మీద పొద్దుటి జనం ఉన్నారు. ఆ కల్హేర్ రైతు లేడు. మిగతావాళ్ళు చాలామంది వాళ్ళే.

"నువ్వు గా మాట ఈడ అనలే," అంది. "ఆడ అన్నవు. ఆ తెల్లారే కల్హేర్ పటేల్ మనిషి ఫోన్ చేసిండు, రేపటిసంది వేరే బండి పెట్టుకున్నం అని. ఆడామె బండి ఖరాబ్ చేసిందట అని మా ఊర్ల గూడ అంటున్నరు. నాకు చెప్తే నేనేం చేసుకోవాలె? ఆడనే చెప్పు."

ఆమె గొంతు పెంచలేదు. కోపంగా అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

చేతులు గుడ్డకు తుడుచుకుని స్టడ్డు పట్టుకుని నడిచాను. ఇరవై అడుగులు కూడా ఉండవు. హోటల్ ముందు నిలబడి, మొన్న నేనన్న మాట తప్పని, ఫిల్టర్ బాగానే కడిగిందని, నేను వేసిన స్టడ్డు వల్లే ఇంజన్ పోయిందని చెప్పాను. ముందుగా అనుకున్న మాటలు సగం మర్చిపోయాను. ఒకరిద్దరు తలెత్తి చూశారు. ఒకాయన "అట్లనా" అన్నాడు. హోటల్ ఆయన గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు. మొన్న అంత శ్రద్ధగా విన్నవాళ్ళకు ఈ రోజు వినడానికి ఏమీ లేనట్టుంది. చెడు మాటకు ఉన్న కాళ్ళు మంచి మాటకు ఉండవు.

వెనక్కి తిరిగి వచ్చాను. ఆమె అక్కడే నిలబడి ఉంది.

"చెప్పిన."

"విన్న," అంది. స్టూలు జరుపుకుని కూర్చుంది. "ఇగ బిగించుడు నా ముందట చెయ్యి. నేను చూస్త."

*

లైనర్లు, రింగులు సంగారెడ్డి నుంచి రావడానికి, వేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆమె పొద్దున కూలికి పోయి, కొన్ని రోజులు మధ్యాహ్నం ఆటోలో వచ్చేది. మానిఫోల్డ్ బిగించే రోజు మాత్రం పొద్దున్నే వచ్చింది.

ఈసారి స్టడ్డులన్నీ కొత్తవి తెప్పించాను. ఒక్కోదాని మీదికి నట్టును వట్టి చేత్తో తిప్పి, మర ఎక్కడిదాకా ఉందో ఆమెకు చూపించాను. మానిఫోల్డ్ అంచు మందం ఎంతో, నట్టు అంతకంటే లోపలిదాకా పోగలగాలి, అప్పుడే అది మానిఫోల్డ్‌ను నొక్కుతుంది. హెడ్డు మీద పాత ప్యాకింగ్ ముక్కలు మెత్తగా గీకాను. గీకిన పొట్టు లోపల పడకుండా దారుల్లో గుడ్డలు కుక్కాను. గీకడం అయ్యాక నాలుగు గుడ్డలూ తీసి ఆమె చేతిలో పెట్టాను. లెక్కపెట్టి నాలుగని చెప్పింది.

మానిఫోల్డ్ మొహం మీద ఉక్కు పట్టీ నిలబెట్టి, వెనకనుంచి వెలుతురు చూశాను. మధ్యలో వెంట్రుకంత గీత కనబడింది. పోత సామాను వేడికి వంగుతుంది. మొదటిసారి ఇది కూడా చూడలేదు. మందపాటి అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, మానిఫోల్డ్‌ను బోర్లా పెట్టి, సున్నాలు చుట్టినట్టు రుద్దడం మొదలుపెట్టాను. కాసేపటికి భుజం పట్టేసింది. చెయ్యి ఆపి పట్టుకున్నాను.

"జరుగు," అంది ఆమె. కొంగు నడుముకు చెక్కి కూర్చుని రుద్దింది. తిరగలి తిప్పే చేతులు. ఒకే బరువుతో, తొందర లేకుండా. గంటన్నర పట్టింది. మధ్యమధ్యలో నేను పట్టీ పెట్టి చూశాను. చివరికి వెలుతురు ఎక్కడా లేదు.

ప్యాకింగ్‌ను పొడిగా, పేస్టు పూయకుండా, దారులన్నీ సరిగ్గా తెరుచుకునేలా స్టడ్డుల మీద ఎక్కించాను. మానిఫోల్డ్‌ను ఇద్దరం పట్టుకుని తోశాం. ఆమె అట్లాగే ఆనించి పట్టుకుంటే నేను నట్లన్నీ చేత్తో ఎక్కించాను. తర్వాత పానా తీసుకుని నడుమనున్న నట్టు దగ్గర మొదలుపెట్టాను.

"ఈ కొసకెల్లి ఎందుకు పెట్టవు?" అంది.

"కొసలు ముందు బిగిస్తే నడుమ ఉబ్బుతది. నడుమకెల్లి అటొకటి ఇటొకటి బిగిచ్చుకుంట పోవాలె. ఒక్కసారే గట్టిగ కాదు. మూడు చుట్లు."

"రొట్టె ఒత్తినట్టు," అంది.

నేను అట్లా ఎప్పుడూ అనుకోలేదు. నిజమే. నడుమనుంచి బయటికి.

మూడో చుట్టు అయ్యాక ప్రతి నట్టు దగ్గరా వాషర్‌కు గోరు ఆనించాను. ఒక్కటీ కదల్లేదు. ఆమెను కూడా చూడమన్నాను. ఆమె ఒక్కోటీ పట్టి పట్టి చూసింది. రెండోసారి కూడా చూసింది. నన్ను నమ్మలేదని నాకు బాధ కలగలేదు. నమ్మకం ఇంత తొందరగా రావాలని అడిగే హక్కు నాకు లేదు.

స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాను. ఆపి, చల్లారాక మరోసారి నట్లన్నీ చూశాను. ప్యాకింగ్ కొంచెం కూర్చుంటుంది, మళ్ళీ అందుకోవాలి. తర్వాత ఫ్యాను గాలి పొగను చెదరగొట్టకుండా దాని బెల్టు కాసేపు తీసి, ఇంజన్ నడుస్తుండగా ఒక ఊదుబత్తి వెలిగించి అతుకు వెంబడి మెల్లగా జరిపాను. సందు ఉంటే పొగ అటు లాగుతుంది. లాగలేదు. నాలుగు దారుల దగ్గరా పొగ నిటారుగా పైకి పోయింది. ఆమె ఫోన్ తీసి భర్తకు కలిపి, బానెట్ దగ్గర పట్టుకుంది.  ఫోన్‌లోంచి ఆయన గొంతు వచ్చింది.

"రేస్ ఇయ్యి."

ఇచ్చాను.

"ఇంకొంచెం." కాసేపు విన్నాడు. "మంచిగున్నది."

ఆ మాట విని ఇంజన్ ఆపి, తీసిన ఫ్యాను బెల్టు మళ్ళీ ఎక్కించాను.  

*

మర్నాడు ట్రయల్‌కు ఆమె నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నాను. కల్హేర్ వైపు పొమ్మన్నాను. ఎందుకో ఆమె అడగలేదు. ఆ రైతు చేను గట్టు మీదే ఉన్నాడు. దిగి వెళ్ళి ఆయనకు కూడా చెప్పాను, తప్పు నాదని. ఆయన మర్యాదగానే విన్నాడు.

"గట్లనా. నువ్వే ఒప్పుకుంటుంటివి, ఇగ నేనేమంట," అన్నాడు. "గానీ గీ సీజన్‌కు వేరే బండితోని మాట అయిపాయె. మాట తప్పొద్దు గదా."

మాట గురించి ఆయన నాకు చెప్పాడు. నేను వినాల్సి వచ్చింది. చేనులో ఆడవాళ్ళు వంగి పత్తి తీస్తున్నారు. అందులో కొందరు జీపును గుర్తుపట్టి చెయ్యి ఊపారు. ఆమె స్టీరింగ్ మీదినుంచి చెయ్యి తీసి ఊపింది.

తిరిగి వస్తూ నారాయణఖేడ్ దగ్గరికొచ్చాక ఆమే అంది, "పోనీ అన్నా. బోరంచ గుడికి పోయేటోళ్ళుంటరు. పెండ్లిళ్ళుంటయి. ఏదో ఒకటి దొరుకుతది." నన్ను ఓదార్చడానికి అన్నట్టు లేదు. తన పని తాను లెక్కేసుకుంటున్నట్టు ఉంది. ఆ సీజన్‌లో మిగిలిన తీతలకు ఆమె బండి సగం రోజులు ఖాళీగానే నిలబడిందని తర్వాత విన్నాను.

ఆ తర్వాత నేను పని తగ్గించుకున్నాను. ఒక ఇంజన్ అయ్యేదాకా రెండోది ముట్టను. కొందరు గిరాకీలు జహీరాబాద్ పోతున్నారు. పోనీ. భుజం మాత్రం అట్లాగే ఉంది.

ఈ ఏడు పత్తి పగలడం మొదలైనప్పుడు కల్హేర్ రైతు మనిషి నా షెడ్డుకు వచ్చాడు. పోయినేడు పెట్టుకున్న బండి సరిగ్గా రావడం లేదట, ఆమె ఫోన్ నంబర్ కావాలన్నాడు. ఇచ్చాను. నాలుగు రోజులకు ఆమె ఆయిల్ మార్పించడానికి వచ్చినప్పుడు, వాళ్ళు ఫోన్ చేశారా అని అడిగాను.

"చేసిండ్రు," అంది. "మనూర్ దిక్కు రెండూర్లోళ్ళతోని ముందే మాట ఇచ్చిన అని చెప్పిన."

 పాత ఆయిల్ పూర్తిగా కారేదాకా నా పక్కనే నిలబడి చూసింది. కొత్త ఆయిల్ తానే పోసుకుంది. బానెట్ దించి, సీటెక్కి, అద్దం సర్దుకుని రోడ్డెక్కింది. నేను వంగి ఆయిల్ తట్ట పక్కకు జరిపి, వరుసలో ఉన్న ట్రాక్టర్ దగ్గరికి మెల్లగా నడిచాను.